కలిపితే చెత్త.. విడదీస్తే సొత్తు

పొద్దున ఆరున్నర. వీధి మలుపులో చెత్త బండి పాట వినపడుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు ‘బండొచ్చింది, బకెట్ పట్టుకురా’ అని కేకేస్తారు. గబగబా బకెట్ తీసుకెళ్లి బండిలో కుమ్మరించి, హమ్మయ్య అనుకుంటూ లోపలికి వస్తాం. జనగామలో అయినా, మానుకోటలో అయినా, భూపాలపల్లి కాలనీల్లో అయినా ఇదే తంతు. ఇంటికి సంబంధించినంతవరకు చెత్త కథ అక్కడితో అయిపోయినట్టే. నిజానికి అసలు కథ అక్కడే మొదలవుతుంది.

ఒక్కసారి ఆ బకెట్‌లోకి తొంగి చూడండి. అడుగున రాత్రి మిగిలిన అన్నం, పప్పు. దాని మీద ఉల్లిగడ్డ పొట్టు, వడకట్టిన చాయ్‌పత్తా. మధ్యలో పాల ప్యాకెట్, చికెన్ తెచ్చిన నల్ల కవర్, చంటిపాప డైపర్, ఇంట్లో పెద్దాయన వాడి పారేసిన ఇన్సులిన్ సూది, పగిలిన గాజు గ్లాసు, రిమోట్‌లోంచి తీసేసిన సెల్స్. వీటిలో ప్రతి వస్తువుకూ వెళ్లాల్సిన చోటు ఒకటి ఉంది. అన్నింటినీ ఒకే బకెట్‌లో వేసిన మరుక్షణం ఆ దారులన్నీ మూసుకుపోతాయి. ఎరువు కావాల్సిన పొట్టు కుళ్లు కంపవుతుంది. అమ్ముడుపోవాల్సిన ప్లాస్టిక్‌కు పప్పు అంటుకుని ఎందుకూ పనికిరాకుండా పోతుంది. సూది మాత్రం ఎవరి చేతిలోనో గుచ్చుకుంటుంది.

అందుకే చెత్త గురించి మాట్లాడటమంటే ఊరి అందం గురించి మాట్లాడటం కాదు. మన ఊపిరితిత్తుల గురించి, మనం తాగే పాల గురించి, మన వీధి ఊడ్చే మనిషి ఆరోగ్యం గురించి మాట్లాడటం. ఈ అనుబంధంలో దీనికి చోటు దక్కాల్సింది అందుకే.

నీళ్ల పొయ్యిలో పాలిథిన్ కవర్

మన దగ్గర చాలా ఇళ్లలో ఇప్పటికీ స్నానాల నీళ్లు పెరట్లో కట్టెల పొయ్యి మీదే కాగుతాయి. కట్టెలు తొందరగా అంటుకోవాలని ఓ పాలిథిన్ కవర్ వెలిగించి పెడతాం. దాంతోపాటు ఇంట్లో పోగైన బిస్కెట్ ప్యాకెట్లు, షాంపూ ప్యాకెట్లు కూడా అందులోనే పడేస్తాం. చెత్తా పోయింది, నీళ్లూ కాగాయి అనుకుంటాం. వీధి చివర కుప్పకు నిప్పు పెట్టేవారి లెక్కా ఇదే.

కానీ ప్లాస్టిక్ కాలిపోయి మాయం కాదు. రూపం మార్చుకుని పొగగా, సన్నటి నుసిగా, బూడిదగా మన చుట్టే తిరుగుతుంది. ఆ నుసి రేణువులు ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరేంత సూక్ష్మంగా ఉంటాయి. ఆస్తమా ఉన్న పిల్లలు, సీవోపీడీ ఉన్న పెద్దలు, గర్భిణులు, పొయ్యి ముందు కూర్చుని మంట ఎగదోసే ఇల్లాలు.. మొదటి దెబ్బ వీళ్లకే. పీవీసీ లాంటి క్లోరిన్ కలిసిన ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లు పుడతాయి. వాటిలో అత్యంత విషపూరితమైన టీసీడీడీని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1997లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

ఇంకో మాట వింటే ఆశ్చర్యపోతారు. డయాక్సిన్లు మనిషి ఒంట్లోకి 90 శాతానికి పైగా తిండి ద్వారానే చేరతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముఖ్యంగా మాంసం, పాలు, చేపల ద్వారా. పొగ గడ్డి మీద వాలుతుంది. ఆ గడ్డిని బర్రె మేస్తుంది. పాలలోని కొవ్వులో అది చేరుతుంది. ఆ పాలనే పొద్దున మన పిల్లలకు కాచి ఇస్తాం. మన ఇంటి కవర్ ఎక్కడికీ పోలేదు. చుట్టూ తిరిగి మళ్లీ మన వంటింటికే వచ్చింది.

చెత్తను బహిరంగంగా తగలబెడితే 5 వేల రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25 వేల రూపాయలు జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది. జరిమానా భయం కాదు గానీ, ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోదలిస్తే దీన్నే గుర్తుంచుకోండి. చెత్తను వేరు చేయడం రేపు నేర్చుకోవచ్చు. ప్లాస్టిక్ కాల్చడం మాత్రం ఈరోజే మానేయాలి. పొయ్యి అంటించడానికి ఎండు కొబ్బరి పీచు, ఎండుటాకులు, కంది కట్టె చాలు.

‘మేం వేరు చేసినా బండిలో కలిపేస్తారు కదా’

ఈ విషయం ఎత్తగానే వచ్చే మొదటి జవాబు ఇది. ఇందులో నిజం లేకపోలేదు. తడి, పొడి వేరువేరుగా ఇచ్చిన ఇంటి ముందే రెండింటినీ ఒకే అరలో కుమ్మరించిన సందర్భాలు మనలో చాలామంది చూసే ఉంటారు. అలా చూశాక ఎవరికైనా ఉత్సాహం చస్తుంది. బండిలో అరలు పెట్టడం, వాటిని వాడేలా చూడటం, డంపింగ్ యార్డుకు చేరాక మళ్లీ కలవకుండా కాపాడటం మున్సిపాలిటీ, పంచాయతీ బాధ్యత. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఇంటివారికి ఎంత పని చెప్పాయో, స్థానిక సంస్థలకూ అంతే చెప్పాయి. వార్డు కౌన్సిలర్‌నో, సర్పంచ్‌నో దీనిపై నిలదీసి అడగడం మన హక్కు.

అయితే ఆ ప్రశ్న అడగాలంటే ముందు మన బకెట్ సరిగ్గా ఉండాలి. వీధిలో ముప్పై ఇళ్లుంటే రెండిళ్లు వేరు చేసి, ఇరవై ఎనిమిది ఇళ్లు కలిపేస్తే బండి మీదున్న మనిషి మాత్రం ఏం చేస్తాడు? ఆ రెండింటినీ కలిపేయక తప్పదు. అదే ఇరవై ఇళ్లు వేరు చేస్తే కలపడానికి అతనికే చేయి రాదు.

ఇది కుదిరే పని కాదనుకుంటే మన పెద్ద ఊరి సంగతి గుర్తుచేసుకుందాం. ఈ మూడు జిల్లాల్లో ఎక్కువ ప్రాంతం 2016 వరకు ఉమ్మడి వరంగల్‌లో భాగమే. 2012 అక్టోబరులో వరంగల్ నగరంలో క్లీన్ సిటీ చాంపియన్‌షిప్ పేరుతో పోటీ పెట్టారు. రాష్ట్రంలోని పలు మున్సిపాలిటీల సిబ్బంది జట్లుగా వచ్చి, ఇంటింటికీ తిరిగి, తడి పొడి వేరు చేయించి మరీ చెత్త సేకరించారు. జనం వద్దనలేదు. అడిగిన తీరు బాగుంటే, తీసుకెళ్లే ఏర్పాటు ఉంటే మన జనం చేస్తారని అప్పుడే రుజువైంది. పోటీ పెట్టిన రోజున చేయగలిగింది మామూలు రోజున ఎందుకు చేయలేం?

పల్లెల్లోనూ సాకు చెప్పే వీల్లేదు. 2019లో మొదలైన పల్లె ప్రగతితో గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు, ట్రాలీలు వచ్చాయి. ఊరి బయట డంపింగ్ యార్డులు, చెత్త వేరుచేసే షెడ్లు కట్టారు. షెడ్డు ఉన్నంత మాత్రాన చెత్త దానంతటదే వేరుపడదు. వంటింట్లో పది సెకన్లలో అయ్యే పనిని షెడ్డులో చేయాలంటే ఒక మనిషి కుళ్లిన కుప్పలో చేతులు పెట్టాలి.

నాలుగు చోట్లు.. నాలుగు అలవాట్లు

వేరు చేయడమంటే పెద్ద శాస్త్రమేమీ కాదు. రెండు బకెట్లు, ఒక సంచి, ఒక డబ్బా ఉంటే చాలు.

మొదటిది తడి చెత్త. కూరగాయల తొక్కలు, పండ్ల తొక్కలు, మిగిలిన అన్నం, చాయ్‌పత్తా, గుడ్డు పెంకులు, పూజ పూలు. మన దేశంలో ఇంటి చెత్తలో సుమారు సగం ఇదే. ఈ బకెట్‌లో కవర్ వేసి దాంట్లో చెత్త వేయకండి. కావాలంటే అడుగున పాత పేపర్ పరవండి. పెరడు ఉన్నవాళ్లు దీన్ని బండికి ఇవ్వాల్సిన అవసరమే లేదు. పాత డ్రమ్ముకో, మట్టి కుండకో చుట్టూ రంధ్రాలు చేసి, గుప్పెడు తడి చెత్తకు గుప్పెడు ఎండుటాకుల చొప్పున వేస్తూ పోండి. మొదట్లో కాస్త పుల్లటి మజ్జిగ చల్లితే తొందరగా మగ్గుతుంది. కంపు వస్తోందంటే తడి ఎక్కువైందని అర్థం. ఎండుటాకులు ఇంకొన్ని వేయండి. నూనె కూరలు, ఎముకలు వేయకండి. రెండు మూడు నెలల్లో మట్టి వాసన వచ్చే నల్లటి ఎరువు చేతికొస్తుంది. మల్లె, కరివేపాకు చెట్లకు అంతకన్నా మంచి తిండి లేదు.

రెండోది పొడి చెత్త. కాగితం, అట్టపెట్టెలు, సీసాలు, డబ్బాలు, పాల ప్యాకెట్లు, ఇనుము. దీనికి ఒకే నియమం. ఏదైనా శుభ్రంగా, పొడిగా ఉండాలి. పాల ప్యాకెట్‌ను ఒకసారి నీళ్లతో కడిగి తీగకు వేలాడదీస్తే చాలు, దానికి విలువ వస్తుంది. ప్యాకెట్ కత్తిరించేటప్పుడు మూలను పూర్తిగా తెంపకండి. ఆ చిన్న ముక్కను ఎవరూ ఏరుకోలేరు. అది నేరుగా మోరీలోకి పోతుంది.

మూడోది శానిటరీ ప్యాడ్లు, డైపర్లు. వీటిని పేపర్లో గట్టిగా చుట్టి, ఎర్ర పెన్నుతో ఒక గుర్తు పెట్టి, విడిగా ఇవ్వండి. విప్పి చూడాల్సిన అవసరం అవతలి మనిషికి రాకూడదు. ఇందులో మన పొరుగు జిల్లా సిద్దిపేట ఓ అడుగు ముందుకేసింది. ‘రుతుప్రేమ’ పేరుతో మెన్‌స్ట్రువల్ కప్పుల మీద, పిల్లలకు బట్ట డైపర్ల మీద మహిళలకు అవగాహన కల్పించే పని మొదలుపెట్టింది.

నాలుగోది ఆరోగ్యానికి నేరుగా ముప్పు తెచ్చే చెత్త. ఇన్సులిన్ సూదులు, బ్లేడ్లు, పగిలిన గాజు, గడువు తీరిన మందులు, సెల్స్, ట్యూబ్‌లైట్లు, దోమల మందు డబ్బాలు. ఈ రోజుల్లో షుగర్ లేని ఇల్లు అరుదు. వాడిన సూదిని వట్టిగా పారేయకండి. గట్టి ప్లాస్టిక్ సీసా ఏదైనా తీసుకుని, సూదులన్నీ అందులో వేసి, నిండాక మూత బిగించి, పైన ‘సూదులు’ అని రాసి, చెప్పి మరీ ఇవ్వండి. వాడిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్-బి, హెపటైటిస్-సి లాంటి జబ్బులు సోకే ప్రమాదం ఉంది. మన నిర్లక్ష్యానికి రెక్కాడితేగానీ డొక్కాడని ఒక కుటుంబం మూల్యం చెల్లించకూడదు. మందులను మోరీలో, మరుగుదొడ్డిలో పారబోయడం కూడా తప్పే. అవి నీళ్లలో కలుస్తాయి.

ఇంకో మాట. ఈ పనంతా ఇల్లాలి నెత్తిన వేయకండి. చెత్త అందరూ చేస్తారు, వేరు చేయడమూ అందరి పనే. మా ఇంట్లో మొదటి వారం చాక్లెట్ కాగితం ఏ బకెట్‌లో వేయాలో చెప్పింది పిల్లలే. తప్పు బకెట్‌లో వేసి దొరికిపోయింది నేను.

రీసైక్లింగ్ సర్వరోగ నివారిణి కాదు

శుభ్రంగా వేరు చేసి ఇచ్చాం కదా, ఇక ఎంత ప్లాస్టిక్ వాడినా ఫర్వాలేదు అనుకుంటే పొరపాటు. ప్రపంచంలో 2015 వరకు పోగైన ప్లాస్టిక్ వ్యర్థాల్లో రీసైకిల్ అయింది దాదాపు 9 శాతమేనని 2017లో అమెరికా శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 12 శాతం కాల్చేశారు. మిగిలిన 79 శాతం భూమి మీదే, కుప్పల్లోనో, నీళ్లలోనో ఉంది.

కారణం తేలికగానే అర్థమవుతుంది. నీళ్ల సీసా, నూనె డబ్బా, విరిగిన బకెట్ లాంటివాటికి పాత సామాన్ల దుకాణంలో ధర పలుకుతుంది. ‘పాత సామాన్లకు ఉల్లిగడ్డలిస్తాం’ అంటూ వచ్చే బండి అతను కూడా వీటినే తీసుకుంటాడు. చిప్స్ ప్యాకెట్, షాంపూ ప్యాకెట్, గుట్కా ప్యాకెట్ ఇస్తే తీసుకోడు. వాటిలో రెండు మూడు రకాల పొరలు ఒకదానికొకటి అతికి ఉంటాయి. విడదీయడం కష్టం, బరువు తూగదు. అంటే రీసైక్లింగ్ కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఇంట్లోకి రానివ్వకపోవడం. రూపాయి ప్యాకెట్లు ఇరవై కొనే బదులు సీసా ఒకటి కొంటే, పారేయాల్సిన ఇరవై ముక్కలు పుట్టవు.

వేడి వేడి చాయ్.. పల్చటి కవర్

మన ఊళ్లలో ఆఫీసుకు చాయ్ తెప్పించాలంటే ఎలా తెస్తారు? కాగే చాయ్‌ని పాలిథిన్ కవర్‌లో పోసి, దారం కట్టి, పేపర్ కప్పులతో సహా తెస్తారు. టిఫిన్ సెంటర్లో సాంబార్, చట్నీ కూడా అంతే. పేపర్ కప్పు కదా అని ధీమాగా ఉంటాం. కాగితం నీళ్లను ఆపలేదు. దాని లోపల సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో దీన్ని పరీక్షించారు. 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం పావుగంట పాటు పేపర్ కప్పులో ఉంటే సుమారు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులోకి దిగుతున్నాయని తేల్చారు. రోజుకు మూడు చాయ్‌లు తాగేవారు లెక్క వేసుకోవచ్చు.

ఆ రేణువులు ఒంట్లో ఏం చేస్తాయన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అయితే 2022లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ రేణువులు కనిపించాయి. 2024లో ఇటలీ వైద్యులు మెడ రక్తనాళంలో తీసిన కొవ్వు పూడికలను పరిశీలించారు. 257 మందిలో 150 మంది పూడికల్లో పాలిథిన్ ఉంది. అలాంటివారికి ఆ తర్వాత దాదాపు మూడేళ్లలో గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు మిగిలినవారికన్నా నాలుగున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. ప్లాస్టిక్కే కారణమని దీంతో రుజువైనట్టు కాదు. కానీ స్టీలు గ్లాసులో చాయ్ తాగితే పోయేదేమీ లేనప్పుడు రుజువు కోసం ఎదురుచూడటం ఎందుకు?

చేయాల్సింది చిన్నదే. ఆఫీసుకు ఓ ఫ్లాస్కు, నాలుగు గ్లాసులు. ఆదివారం చికెన్, మటన్‌కు మూత ఉన్న స్టీలు గిన్నె. రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ సంచుల్లో తినే వస్తువులు ఇవ్వకూడదని 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. నల్ల కవర్ దేంతో తయారైందో మనకు తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. కూరగాయలకు బట్ట సంచి. బండి డిక్కీలో ఒకటి, ఆఫీసు బ్యాగులో ఒకటి మడిచి పెట్టుకుంటే ‘మర్చిపోయా’ అనే మాట రాదు.

చట్టం ఏమంటుందో కూడా తెలిసి ఉండాలి. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, ప్లాస్టిక్ పుల్లల ఇయర్‌బడ్స్, అలంకరణ థర్మకోల్ దేశమంతటా నిషేధం. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు అమ్మకూడదు. అయినా అంగట్లో దొరుకుతున్నాయంటే అమ్మేవాడిది సగం తప్పు. చేయి చాపి తీసుకునే మనది మిగతా సగం.

మన దగ్గర ఉన్నవే చాలు

ప్లాస్టిక్ మానేయమంటే కొత్తగా ఏదో కొనమని కాదు. జనగామ దాటుతుంటే పెంబర్తి వస్తుంది. ఇత్తడి పనికి దేశమంతా పేరున్న ఊరు. ఆ దారిలో పోతూ మనం ప్లాస్టిక్ సీసాలో నీళ్లు తాగి కిటికీలోంచి విసిరేస్తాం. మన అటక మీద అమ్మమ్మ పెళ్లి నాటి ఇత్తడి బిందె బూజు పట్టి ఉంటుంది. భూపాలపల్లి అడవుల్లో మోదుగ చెట్లకు కొదవ లేదు. మోదుగాకు విస్తరిలో తింటే కడగాల్సిన పని లేదు, పారేస్తే నెలల్లో మట్టిలో కలుస్తుంది.

పెళ్లిళ్లు, దావత్‌లే అసలు పరీక్ష. ఐదొందల మంది భోజనం చేసి లేచేసరికి వాటర్ ప్యాకెట్లు, గ్లాసులు, ప్లేట్లు ట్రాక్టర్ నిండుతాయి. దీనికి సిద్దిపేట జిల్లా ఊళ్లు ‘స్టీల్ బ్యాంక్’తో జవాబు చెప్పాయి. ఊరి కోసం స్టీలు ప్లేట్లు, గ్లాసులు కొని పెట్టుకుని, శుభకార్యం ఉన్నవారికి ఇచ్చి, కడిగి తిరిగి తీసుకుంటారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఊళ్లలోని మహిళా సంఘాలకు ఇది చేతగాని పని కాదు. కాలనీ సంఘాలు, కుల సంఘాలు తలా కొంత వేసుకున్నా సరిపోతుంది.

జాతరలకూ ఇదే మాట. 2025 మే నెలలో కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలకు కుటుంబాలతో వెళ్లాం. రెండేళ్లకోసారి మేడారం పోయి సమ్మక్క, సారలమ్మలకు బంగారం సమర్పిస్తాం. కురవి వీరన్న జాతరకూ పోతాం. అమ్మవారికి బెల్లం పెట్టి, ఆ బెల్లం తెచ్చిన కవర్‌ను అడవికి వదిలేసి రావడం ఏం మొక్కు?

ఆవు కడుపులో, దోమ గుడ్డులో

మిగిలిన అన్నాన్ని కవర్‌లో మూటకట్టి ‘ఆవు తింటుందిలే’ అని గోడ పక్కన పెడతాం. పుణ్యం అనుకుంటాం. ముడి విప్పుకోవడం ఆవుకు రాదు, కవర్‌తో సహా మింగుతుంది. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ ఆవులకు ఆపరేషన్ చేస్తే పొట్టల్లోంచి కిలోల కొద్దీ ప్లాస్టిక్ బయటపడింది. ఆ సంస్థ 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆవుకు పెట్టదలిస్తే తొట్టిలో పెట్టండి, కవర్‌లో కాదు.

వానాకాలంలో పారేసిన కప్పు, కొబ్బరి చిప్ప, పగిలిన బకెట్ దోమలకు పురిటి గదులు. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు చెంచాడు మంచి నీళ్లు చాలు. గుడ్డు నుంచి దోమగా మారడానికి వారం పది రోజులే పడుతుంది. అందుకే శుక్రవారం డ్రై డే అంటూ ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వస్తారు. పెరట్లో ప్లాస్టిక్ లేకపోతే వాళ్లకు సగం పని తప్పుతుంది, మనకు ఆస్పత్రి ఖర్చు తప్పుతుంది.

ఈ ఆదివారం నుంచే

అన్నీ ఒకేసారి చేయాలనుకుంటే ఏదీ జరగదు. ఈ ఆదివారం ఒక బకెట్ అదనంగా కొనండి. చికెన్‌కు గిన్నె పట్టుకెళ్లండి. సూదుల సీసా ఒకటి పెట్టండి. నీళ్ల పొయ్యి దగ్గర కవర్ల మూటను తీసేయండి. ఈ నాలుగూ వారం రోజులు చేసి చూడండి. బండికి ఇచ్చే చెత్త ఎంత తగ్గిందో మీకే తెలుస్తుంది. ఆ తర్వాత పక్కింటి అక్కకు చెప్పండి. ముప్పై ఇళ్ల వీధిలో మూడు ఇళ్లు కలిస్తే కౌన్సిలర్‌ను అడగడానికి గొంతు వస్తుంది.

రేపు పొద్దున బండి పాట వినపడినప్పుడు బకెట్ కుమ్మరించి వెంటనే వెనక్కి తిరగకండి. ఒక్క క్షణం ఆగి, బండి మీదున్న అన్న చేతుల వైపు చూడండి. చాలాసార్లు ఆ చేతులకు గ్లౌజులు ఉండవు. మన వంటింట్లో పది సెకన్లు మిగుల్చుకోవాలా, ఆ చేతులను కాపాడాలా అన్నదే ప్రశ్న. జవాబు మీ బకెట్‌లోనే ఉంది.